పాత డేటాబేస్ మీద ఓఆర్‌ఎం పెట్టడం: హార్బర్ బోటు లెక్కలతో నేర్చుకున్న పద్ధతి

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో వేట నిషేధం. ఆ 61 రోజులూ విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో మరబోట్లు జెట్టీకి కట్టేసి ఉంటాయి. వలలు బాగుచేసుకునేవాళ్లు, బోటుకి రంగులు వేసుకునేవాళ్లు తప్ప పెద్ద సందడి ఉండదు. నాకు మాత్రం అదే సీజన్. బోట్లకి డీజిలు, ఐసు అప్పుగా ఇచ్చి, వేట నుంచి తిరిగొచ్చాక చేపల లెక్కలో పట్టుకునే ఒక కొట్టుకి నేను సాఫ్ట్‌వేర్ చూస్తాను. బోట్లు మళ్లీ సముద్రంలోకి దిగేలోపు పాత ప్రోగ్రామ్ తీసేసి కొత్తది పెట్టాలి. డేటాబేస్ మాత్రం పాతదే ఉండాలి. బాకీలన్నీ అందులోనే ఉన్నాయి మరి.

2009లో ఎవరో పీహెచ్‌పీలో రాసిన ప్రోగ్రామ్ అది. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో 38 టేబుళ్లు. ప్రతి టేబుల్‌కీ కూర్చుని క్లాసు రాస్తే నెల పడుతుంది, తప్పులూ పడతాయి. అందుకే ఉన్న టేబుళ్లని చదివి కోడ్ పుట్టించే పనిముట్టు వాడాను. మీ దగ్గరా ఇలాంటి పాత డేటాబేస్ ఉంటే, నేను ఏ వరసలో చేశానో చెబుతాను.

ఓఆర్‌ఎం అంటే టేబుల్‌లోని ఒక్కో వరసని ప్రోగ్రామ్‌లో ఒక్కో ఆబ్జెక్ట్‌గా చేసి మన చేతికిచ్చేది. ‘బోటు.పేరు’ అని రాస్తే చాలు, డేటాబేస్‌ని అడిగే భాష అయిన ఎస్‌క్యూఎల్‌ని అదే రాసుకుంటుంది. నేను వాడేది పైథాన్ భాషలోని జాంగో ఫ్రేమ్‌వర్క్, ఓఆర్‌ఎం అందులోనే ఉంటుంది. అందులో టేబుళ్లు చదివి మోడల్ క్లాసులు (ఒక్కో టేబుల్‌కి ఒక్కోటి) రాసిపెట్టే ‘ఇన్‌స్పెక్ట్‌డీబీ’ అనే కమాండ్ ఉంది. ఎస్‌క్యూఎల్‌కెమీ వాడేవాళ్లకి ఎస్‌క్యూఎల్‌ఏకోడ్‌జెన్, డాట్‌నెట్‌లో ఎంటిటీ ఫ్రేమ్‌వర్క్ కోర్ వాళ్లకి స్కాఫోల్డ్ కమాండ్, ప్రిస్మాలో డీబీ పుల్, జావాలో జూక్ ఇలాంటి పనే చేస్తాయి. పేరేదైనా నేను చెప్పే జాగ్రత్తల్లో చాలావరకు అవే.

ముందు డేటాబేస్ బాగుచేసుకోండి

అందరూ తొందరపడేది ఇక్కడే. డేటాబేస్ చేతికి రాగానే కమాండ్ కొట్టేస్తారు. నేనూ కొట్టాను. వచ్చిన ఫైలులో బోటుకీ డీజిలు ఎంట్రీకీ మధ్య ఏ సంబంధమూ లేదు. ‘బోటు నంబరు’ అనే కాలమ్ ఉత్త అంకెగా వచ్చింది. కారణం వెతికితే టేబుళ్లన్నీ మైఐసామ్ ఇంజిన్‌లో ఉన్నాయి (ఇంజిన్ అంటే మైఎస్‌క్యూఎల్ టేబుల్‌ని దాచే పద్ధతి). మైఎస్‌క్యూఎల్‌లో 5.5 వెర్షన్ నుంచే ఇన్నోడీబీ మామూలు ఇంజిన్ అయింది. అంతకుముందు ఏమీ చెప్పకుండా టేబుల్ కడితే మైఐసామే వచ్చేది. అందులో ఫారిన్ కీ (ఈ కాలమ్ ఫలానా టేబుల్‌లోని వరసనే చూపించాలి అనే నియమం) రాసినా అది పట్టించుకోదు, తప్పని కూడా చెప్పదు. టేబుల్‌లో లేని సంబంధాన్ని జనరేటర్ ఎక్కడి నుంచి తెస్తుంది?

కాబట్టి ముందు బ్యాకప్ తీసి, దాని కాపీ మీద పని మొదలుపెట్టండి. మైఎస్‌క్యూఎల్ తన టేబుళ్ల వివరాలు ఉంచుకునే ఇన్ఫర్మేషన్ స్కీమాలోని టేబుల్స్ జాబితాలో ఏ టేబుల్ ఏ ఇంజినో ఉంటుంది. మైఐసామ్ ఉన్నవన్నీ ఇన్నోడీబీకి మార్చండి. తర్వాత ఫారిన్ కీ పెట్టాలి. రెండువైపులా కాలమ్ రకం అచ్చంగా ఒకటే ఉండాలి. ఒకవైపు ఇంట్, ఇంకోవైపు అన్‌సైన్డ్ ఇంట్ (మైనస్ లేని అంకె) ఉంటే ఒప్పుకోదు. నాకు సగం రోజు దీనికే పోయింది.

రకాలు సరిచేశాక కూడా ఒప్పుకోకపోతే తల్లి లేని పిల్ల ఎంట్రీలు ఉన్నాయన్నమాట. డీజిలు టేబుల్‌ని బోట్ల టేబుల్‌తో లెఫ్ట్ జాయిన్ చేసి (జతకలిపి), బోటు దొరకని వరసలు వెతికితే అవి బయటపడతాయి. మాకు 23 వచ్చాయి, అన్నీ ఒకే నంబరు మీద. తుడిచేయడం సులువే, కానీ తుడవకండి. కొట్టులో పాత గుమాస్తా బాబాయ్‌ని అడిగితే ఒక్క క్షణంలో చెప్పాడు: “అది కాకినాడ వోళ్లకి అమ్మీసారమ్మా. పేరు కొట్టీసాం గానీ బాకీ ఉండిపోనాది.” ఆ బోటుని మళ్లీ చేర్చి, ‘వాడుకలో లేదు’ అని గుర్తు పెట్టాను. అది జనరేటర్‌కి తెలిసే విషయం కాదు, నాకూ తెలిసేది కాదు. పాత డేటాబేస్ పని చేసేటప్పుడు లెక్కలు రాసిన మనిషిని పక్కన కూర్చోబెట్టుకోవడం నేను ఎప్పుడూ మానను.

డబ్బు కాలమ్‌లు ఫ్లోట్‌లో (అంకెని ఉజ్జాయింపుగా దాచే రకం) ఉంటే ఇప్పుడే డెసిమల్‌కి (అచ్చంగా దాచే రకం) మార్చేయండి. మైఎస్‌క్యూఎల్ ఫ్లోట్ దాదాపు 7 అంకెల దాకానే నమ్మకంగా పట్టుకుంటుంది. బాకీ లక్షల్లోకి వెళ్లేసరికి పైసలు తప్పుతాయి. డేటాబేస్‌లో డెసిమల్ అయితే జనరేట్ అయ్యే మోడల్‌లోనూ డెసిమల్ ఫీల్డే వస్తుంది, మీరు వేరే ఏమీ చెయ్యక్కర్లేదు.

ఇంకొకటి తెలుగులో పేర్లు రాసుకునేవాళ్లందరికీ తగిలేది. బోటు పేరు కాలమ్ వార్‌క్యార్ 15, అంటే 15 క్యారెక్టర్లే పడతాయి. ఒక బోటు బిల్లు మీద ఏళ్ల తరబడి ‘శ్రీ గంగమ్మ తల్’ అని ప్రింటవుతోంది. కంటికి ‘శ్రీ గంగమ్మ తల్లి’లో 6 అక్షరాలు, 2 ఖాళీలే. డేటాబేస్ లెక్క వేరు. ‘శ్రీ’ ఒక్కటే దానికి 4: శ, పొల్లు, ర, గుడిదీర్ఘం. అలా మొత్తం పేరు 17 అవుతుంది. పాత సర్వర్‌లో స్ట్రిక్ట్ మోడ్ (హద్దు దాటితే ఎర్రర్ ఇచ్చేది) లేదు కాబట్టి 15 దగ్గర చప్పుడు చెయ్యకుండా కోసేసింది. జనరేటర్ ఈ 15నే నమ్మి మోడల్‌లో అదే హద్దు పెడుతుంది. తెలుగు పడే ప్రతి కాలమ్‌నీ మీరు అనుకున్నదానికి మూడింతలు పెంచండి, క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్‌8ఎంబీ4 చెయ్యండి. అమ్మవారి పేరు పూర్తిగా పడిన మొదటి బిల్లుని ఆ ఓనరు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

కోడ్ పుట్టించడం

ఇప్పుడు ఇన్‌స్పెక్ట్‌డీబీ కొట్టండి. అది మోడళ్లని తెరమీద చూపిస్తుంది, దాన్ని ఒక ఫైలులోకి మళ్లించుకోవాలి. టేబుళ్ల పేర్లు ఇస్తే ఆ టేబుళ్లకే రాస్తుంది. మొదటిసారి నాలుగైదు టేబుళ్లతో చూడండి.

వచ్చిన ఫైలుని పైనుంచి కిందకి ఒకసారి చదవండి. అర్థంకాని కాలమ్ రకం ఎదురైతే దాన్ని టెక్స్ట్ ఫీల్డ్ చేసి, పక్కనే ఇది ఊహ అని కామెంట్ పెడుతుంది. ఆ కామెంట్లన్నీ వెతకండి. అవును-కాదు కోసం వాడిన టైనీఇంట్ కాలమ్‌లు అంకెలుగా వస్తాయి. ప్రతి క్లాసులోనూ ‘మేనేజ్డ్ ఫాల్స్’ అని ఉంటుంది. అంటే ఆ టేబుల్‌ని జాంగో మైగ్రేషన్ (మోడళ్లని బట్టి టేబుళ్లని మార్చే పని) కట్టదు, మార్చదు, పడగొట్టదు. పాత ప్రోగ్రామ్ నడుస్తున్నన్నాళ్లూ దాన్ని అలాగే ఉంచండి. ఒకే టేబుల్‌కి ఇద్దరు యజమానులు ఉండకూడదు.

పుట్టిన ఫైలులో చెయ్యి పెట్టకండి

అన్నిటికంటే గట్టిగా చెప్పాలనుకున్నది ఇది. అంతకుముందు ఒక రొయ్యల కొనుగోలు లెక్కల పనిలో, జనరేట్ అయిన క్లాసులోనే తరుగు లెక్క రాసేశాను. ఐసు నీళ్ల బరువు పోగా తూకంలో తగ్గించేదే తరుగు. అది కొనేవాళ్లకీ అమ్మేవాళ్లకీ మధ్య మాట. మూడు వారాల తర్వాత టేబుల్‌లో ఒక కాలమ్ పెరిగితే మళ్లీ కోడ్ పుట్టించాను. పాత ఫైలు మీద కొత్త ఫైలు పడింది, నా తరుగు లెక్క పోయింది. ఎర్రర్ రాలేదు, ఎందుకంటే బిల్లు కోడ్ ఆ లెక్క ఉంటే వాడుకునేది, లేకపోతే సున్నా అనుకునేది. ఆ ఉదయం బిల్లులన్నీ తరుగు లేకుండా వెళ్లిపోయాయి. మధ్యాహ్నానికి ఫోన్లు మొదలయ్యాయి. ఆ టెన్షన్ నేను ఇప్పటికీ మర్చిపోలేదు.

జాంగో డాక్యుమెంటేషన్ ఇన్‌స్పెక్ట్‌డీబీని ఒక దగ్గరిదారిగానే చూస్తుంది, వచ్చిన మోడళ్లని చూసుకుని దిద్దుకోమంటుంది. టేబుళ్లు ఇక మారవు అంటే అది సరైన మాటే. నా టేబుళ్లు మారుతూనే ఉంటాయి, అందుకని నా పద్ధతి వేరు. ఒక చిన్న స్క్రిప్ట్ ఉంటుంది. అది కమాండ్ నడిపి, టైనీఇంట్‌లని బూలియన్‌గా (అవును-కాదు రకంగా) మార్చి, ఫైలు తలమీద ‘చేత్తో మార్చవద్దు’ అని రాసి సేవ్ చేస్తుంది. ఏ దిద్దుబాటైనా స్క్రిప్ట్‌లోకే వెళ్తుంది, ఫైలులోకి కాదు. ఆ ఫైలుని గిట్‌లో (ఫైళ్ల పాత రూపాలు దాచే పనిముట్టు) కూడా పెడతాను. మళ్లీ పుట్టించినప్పుడు తేడా చూస్తే, డేటాబేస్‌లో ఎవరైనా నాకు చెప్పకుండా కాలమ్ మార్చారేమో అక్కడే దొరుకుతుంది.

మన లెక్కలు ఇంకో ఫైలులో ఉండాలి. ప్రాక్సీ మోడల్ (అదే టేబుల్ మీద మన ఫంక్షన్లు చేర్చుకునే ఇంకో క్లాసు) వాడొచ్చు. అయితే డీజిలు ఎంట్రీ నుంచి ‘ఎంట్రీ.బోటు’ అని వెళ్తే అసలు క్లాసే వస్తుంది, మీ ప్రాక్సీ రాదు. అందుకే నేను ఉత్త ఫంక్షన్లే రాస్తాను: బోటుని తీసుకుని బాకీ ఇచ్చేది ఒకటి, తూకం తీసుకుని తరుగు ఇచ్చేది ఒకటి. సీషార్ప్ వాళ్లకి పార్షియల్ క్లాసులు ఉన్నాయి, ఒకే క్లాసుని రెండు ఫైళ్లలో పెట్టుకోవచ్చు. ఈ విషయంలో వాళ్లు అదృష్టవంతులు.

వెళ్లే ఎస్‌క్యూఎల్‌ని కళ్లారా చూడండి

జాంగోలో ఏ క్వెరీసెట్‌కైనా (డేటాబేస్‌ని అడగబోయే ప్రశ్న) ‘.క్వెరీ’ ప్రింట్ చేస్తే దాని ఎస్‌క్యూఎల్ దాదాపుగా కనబడుతుంది. కొత్తది రాసిన ప్రతిసారీ చూస్తాను. వంద ఎంట్రీలు చూపిస్తూ ఒక్కోదానికీ బోటు పేరు అడిగితే వంద క్వెరీలు అదనంగా వెళ్తాయని చాలామందికి తెలుసు. దానికి ‘సెలెక్ట్ రిలేటెడ్’ పెడితే ఒకే జాయిన్‌లో వస్తుంది. అది నెమ్మదితనమే, తప్పు లెక్క కాదు. నన్ను భయపెట్టేది తప్పు లెక్క.

ప్రతి బోటుకీ మొత్తం డీజిలు, మొత్తం ఐసు ఒకే పేజీలో కావాలన్నారు. ఒకే ‘యానొటేట్’లో (ప్రతి బోటుకీ ఒక లెక్క జతచేసేది) రెండు ‘సమ్’లు (మొత్తాలు) పెట్టాను. ట్రయల్ ప్రింట్ చూసి బాబాయ్ అన్నాడు: “ఏటమ్మా ఇది, 600 లీటర్లు పోస్తే 2400 ఏటి?”

ఆ బోటు డీజిలు మూడుసార్లు తీసుకుంది: 200, 150, 250. ఐసు నాలుగుసార్లు: 20, 25, 15, 20 దిమ్మలు. ఓఆర్‌ఎం రెండు టేబుళ్లనీ బోటుకి జాయిన్ చేసింది. మూడు నాలుగ్గా 12 వరసలు తయారయ్యాయి. ప్రతి డీజిలు ఎంట్రీ నాలుగుసార్లు, ప్రతి ఐసు ఎంట్రీ మూడుసార్లు కూడింది. అందుకే 600 కాస్తా 2400, 80 దిమ్మలు కాస్తా 240. ‘డిస్టింక్ట్’ (ఒకే విలువని ఒకసారే కూడేది) పెడితే సరిపోతుందని ఎవరైనా అంటే నమ్మకండి. డీజిలు 600 వచ్చేస్తుంది, చూసి సంతోషిస్తాం. ఐసు మాత్రం 60 వస్తుంది, రెండు 20లనీ ఒకటే అనుకుంటుంది కాబట్టి. ఒకటి సరై ఇంకొకటి తప్పైతే పట్టుకోవడం మరీ కష్టం. దారి ఏంటంటే, ఒక్కో మొత్తానికి ఒక్కో సబ్‌క్వెరీ (క్వెరీ లోపలి క్వెరీ) రాయడం, లేదా రెండు క్వెరీలు విడిగా తెచ్చి పైథాన్‌లో బోటు నంబరుతో జతచెయ్యడం. నేను రెండోదే చేశాను. చదివినవాళ్లకి వెంటనే అర్థమవుతుంది.

బాకీ తగ్గించేటప్పుడు పాత అంకె చదివి, తీసేసి, మళ్లీ రాయకండి. తెల్లారి బోట్లు వచ్చే వేళ రెండు కౌంటర్లలో ఇద్దరు ఒకే బోటు మీద కొడతారు, ఒకరి ఎంట్రీ పోతుంది. ‘ఎఫ్’ ఎక్స్‌ప్రెషన్‌తో ‘ఉన్న బాకీలోంచి ఇంత తగ్గించు’ అని డేటాబేస్‌కే చెప్పండి.

చివరి వారం కొత్త కోడ్ ఏమీ రాయకండి. పోయిన సీజన్‌లో ఒక నెల ఎంచుకుని, ప్రతి బోటు బాకీనీ పాత ప్రోగ్రామ్‌లోనూ కొత్తదానిలోనూ తీసి పక్కపక్కన పెట్టండి. పైసా తేడా వచ్చిన బోటుని వదలకండి. మాకు రెండు బోట్లలో తేడా వచ్చింది, రెండూ పాత ఫ్లోట్ కాలమ్ వల్లే. బాబాయ్ తన చేతిరాత పద్దు పుస్తకం తెచ్చి చూస్తే, కొత్తదాని అంకెలే దానితో కలిశాయి. జూన్ 14 సాయంత్రం పాత ప్రోగ్రామ్ ఆపేశాం.