ఇంట్లోనే రైఫిల్ బెడ్డింగ్ – 4వ పాఠం: ఏ ఎపాక్సీ, ఎంత తూకం

బెడ్డింగ్ అంటే రైఫిల్ లోహపు భాగం కర్ర స్టాక్‌లో కదలకుండా కూర్చునేలా మధ్య ఖాళీని ఎపాక్సీతో నింపడం. ఎపాక్సీ అంటే రెజిన్, హార్డెనర్ అనే రెండు పాళ్లు కలిపితే గట్టిపడే జిగురు. పోయిన పాఠంలో "రెజిన్, హార్డెనర్ సమానంగా కలిపి ఒక నమూనా బిళ్ల పోసి చూడండి" అని ఒక్క ముక్కలో తేల్చేశాను. ఆ 'సమానంగా' అన్న మాటే కొంప ముంచింది. గుణుపురం, రాయగడ, పర్లాకిమిడి, ఎటు నుంచి వచ్చిన బోగట్టా అయినా ఒకటే: మూడు రోజులైనా బిళ్లలో గోరు దిగుతోంది, వంచితే చెప్పు అట్టలా వంగుతోంది. ఇంకో విచిత్రం, చెంచాతో ఉజ్జాయింపుగా కొలిచినవాళ్లకి బిళ్ల గట్టిపడింది. కంసాలి కాటా కొని 10 గ్రాములు, 10 గ్రాములు శ్రద్ధగా తూచినవాళ్లకే చెడింది. తప్పు కాటాది కాదు, నా మాటది.

సమానం అంటే కొలతకి సమానం, తూకానికి కాదు. తవ్వెడు బియ్యం, తవ్వెడు అటుకులు కొలతకి ఒకటే. తక్కెడలో వేసి చూడండి. రెజిన్ బరువు, హార్డెనర్ తేలిక. అరల్డైట్ స్టాండర్డ్ 180 గ్రాముల పెట్టెలో రెజిన్ 100 గ్రాములు, హార్డెనర్ 80 గ్రాములు ఉంటాయి. అదే మీకు కావలసిన లెక్క. మామూలు బోల్ట్ రైఫిల్‌కి లగ్ (తన్నుని స్టాక్‌కి ఆనించే లోహపు పలక) గుంట, రిసీవర్ (బోల్ట్ నడిచే లోహపు గొట్టం) ముందు భాగం నింపడానికి 54 గ్రాముల మిశ్రమం చాలు: రెజిన్ 30, హార్డెనర్ 24. మీలా సమానంగా తూస్తే 27, 27 అవుతుంది. ఆ 27 గ్రాముల రెజిన్‌కి 21.6 చాలు, 5.4 గ్రాములు, అంటే పావు వంతు, ఎక్కువ పడినట్టే. ఈ రకం హార్డెనర్ ఎక్కువైతే ముద్ద మెత్తబడుతుంది. బెడ్డింగ్‌లో మెత్తదనం ఉంటే చేసిన పనంతా దండగ.

ఇక అసలు చిరాకు తెప్పించే సంగతి. కొందరు బిళ్ల ఆరలేదని రెండోసారి హార్డెనర్ ఇంకో నాలుగు చుక్కలు వేశారట, "త్వరగా పడుతుందని". ఇది ఫైబర్ పనివాళ్ల దగ్గర నేర్చిన అలవాటు. ఫైబర్ తలుపులకీ, ట్యాంకు అతుకులకీ వాడేది పాలియెస్టర్ రెజిన్. అందులో నూటికి ఒకటి రెండు పాళ్లు వేసే ద్రవం పాలలో వేసే తోడు లాంటిది. కాస్త ఎక్కువైతే త్వరగా తోడుకుంటుంది. ఎపాక్సీలో హార్డెనర్ తోడు కాదు. చొక్కాకి బొత్తాలు ఎన్నో కాజాలు అన్ని. రెజిన్ బొత్తాం, హార్డెనర్ కాజా. ఒక్కోటీ ఒక్కోదానిలో దూరితేనే చొక్కా మూసుకుంటుంది. నూరు బొత్తాలకి నూట పాతిక కాజాలు కుడితే పాతిక కాజాలు నోరు తెరుచుకునే ఉంటాయి. డెబ్భై ఐదే కుడితే పాతిక బొత్తాలు వేలాడతాయి. రెండు విధాలా చొక్కా తెరుచుకునే ఉంటుంది. హార్డెనర్ తగ్గితే పెళుసు, జిడ్డు, పెరిగితే రబ్బరు. త్వరగా కావాలంటే వేడి పెంచండి, నెమ్మదించాలంటే చల్లబరచండి. తూకం మాత్రం కదపవద్దు. ఒకసారి చెడిన ముద్దలో ఏ చుక్క వేసినా బాగుపడదు, గీకి పారేయాలి.

ఇప్పుడు ఎంపిక. చూడవలసినవి మూడే: నెమ్మదిగా పట్టాలి, ముడుచుకోకూడదు, జారకూడదు.

అయిదు నిమిషాల రకాలు వద్దు. బ్యారెల్ దించి, స్క్రూలు సరిచూసి, పొంగింది తుడిచేలోపే పట్టేస్తాయి. ఎం-సీల్ పైపు కారుడికి మంచిదే, దాని పని అదే. చేత్తో పిసికే ముద్ద లోహం గీతల్లోకి పాకదు, మూలల్లో గాలి నిలుస్తుంది. పాలియెస్టర్ అసలే వద్దు, ఆరేటప్పుడు ముడుచుకుంటుంది.

ఎయిర్ రైఫిల్‌కీ, .22 తూటా రైఫిల్‌కీ అరల్డైట్ స్టాండర్డ్‌లో మెత్తని సిలికా పొడి కలిపితే సరిపోతుంది. చెంచా తిరగేసినా జారని చిక్కదనం వచ్చేదాకా, కొద్దికొద్దిగా. పొడి ఎప్పుడూ రెజిన్, హార్డెనర్ రెండూ కలిశాకే. తూకంలో దానికి లెక్క లేదు. సిల్వర్ పెయింటుకి అమ్మే అల్యూమినియం పొడి వేయొద్దు. ఆ రేకులకి కొవ్వు పూత ఉంటుంది, ఎపాక్సీ సరిగా పట్టదు. పొడి పీల్చవద్దు, దుమ్ము ఆపే మాస్కు పెట్టుకోండి.

.315, 30-06 తూటాల్లాంటి గట్టి తన్ను ఉన్న రైఫిళ్లకి నేనైతే స్టీలు పొడి నిండిన పుట్టీయే వాడమంటాను. గది వేడిలో ఆరిన మామూలు ఎపాక్సీ 50, 60 డిగ్రీలకే మెత్తబడడం మొదలవుతుంది. మే నెల మధ్యాహ్నం మూసిన జీపులో రైఫిల్ ఉంచితే ఆ వేడి సులువుగా వచ్చేస్తుంది. డెవ్‌కాన్ స్టీల్ పుట్టీ అయితే తూకానికి 9కి 1, కొలతకి 2.5కి 1. చూశారా, అదే గొడవ, ఇంకా పెద్దదిగా! బెడ్డింగ్‌కే అమ్మే ఎపాక్సీ ఆక్రాగ్లాస్ జెల్ కొలతకి 1కి 1. పల్చని ఆక్రాగ్లాస్ కూడా కొలతకే, 4కి 1. పల్చనిది కారి స్క్రూ రంధ్రాల్లో దిగుతుంది, మొదటిసారి చేసేవాళ్లు దాని జోలికి పోవద్దు. డబ్బా మీద సంఖ్య చూసినప్పుడల్లా అది తూకమా కొలతా అని చదవండి.

వేడి సంగతి. 25 డిగ్రీల్లో 100 గ్రాముల ముద్దకి పట్టేలోపు గంటన్నర పైన వ్యవధి ఉంటే, 35 డిగ్రీల్లో దాదాపు సగమే. రాయగడ ఎండల్లో తెల్లవారుజామునే కలపండి. కలిపాక గిన్నెలో గుట్టగా ఉంచకండి, అది తనలో తాను వేడెక్కుతుంది. నున్నటి టైలు మీద పల్చగా పరచండి. కొరాపుట్ చలిలో తిరకాసు వేరు: రెజిన్ పాకంలా బిగుసుకుంటుంది. కలపకముందు ట్యూబుని గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు ఉంచండి. వానాకాలంలో పైన జిడ్డు పొర వస్తే భయపడొద్దు, తేమకి వచ్చేదే. ఆరాక గోరువెచ్చని నీళ్లతో తుడవండి, థిన్నర్‌తో కాదు.

స్టాక్ టేకుదైతే, ఇటువైపు వడ్రంగులు చెక్కినవి ఎక్కువ టేకువే, ఎపాక్సీ వేసే ముందు అసిటోన్‌తో తుడిచి పావుగంట ఆరనివ్వండి. టేకు నూనె కర్ర.

లగ్ ముందు, పక్కలు, అడుగు టేపు అంటించాలి, వెనక ముఖం ఖాళీగా వదలాలి. ఇది 2వ పాఠంలో ఉంది. ఎపాక్సీ లోహానికి అంటుకోకుండా రాసే రిలీజ్ మైనం రెండు పూతలు. చాంబర్ ఖాళీ చేసి, బోల్ట్ తీసి పక్కన పెట్టాకే బల్ల మీదికి. నైట్రైల్ తొడుగులు వేసుకోండి. హార్డెనర్ చర్మానికి ఒకసారి పడకపోతే ఇక ఎప్పటికీ పడదు.

అభ్యాసం. రైఫిల్ ముట్టుకోకుండా ఏడు రోజులు. సీసా మూతలు ఆరు తీసుకోండి. ఒక్కోదానికి రెజిన్ 5 గ్రాములు. హార్డెనర్ 4, 5, 3, 4.4, 3.6, ఆరోదానికి మళ్లీ 4, సిలికాతో. కాటా 0.01 గ్రాము చూపేదై ఉండాలి. ఒక్కోటీ రెండు నిమిషాలు, మూల మూలలా గీకుతూ కలపండి. మూత మీద తూకం, తేదీ, ఆ పూట గది వేడి రాయండి. 1వ, 3వ, 7వ రోజు మేకు మొనతో నొక్కి, గుచ్చుకుందో జారిందో రాసుకోండి. ఏడో రోజు మధ్యాహ్నం అన్నీ ఎండలో రేకు మీద గంట ఉంచి మళ్లీ నొక్కండి. ఆ పట్టిక పంపనివాళ్లకి 5వ పాఠం అర్థం కాదు, అందులో మొదటి ప్రశ్న 4.4 మూత గురించే.