పెద్ద ఫైళ్ళు, టొరెంట్లు నత్తనడక నడుస్తున్నాయా? ఇంటి రౌటర్‌ని ఇలా సర్దుకోండి

మా బావకి ఒంగోలులో ఫొటో స్టూడియో ఉంది. నేను నెల్లూరులో, వేదాయపాళెంలో, ఇంట్లోనే కూర్చుని పెళ్ళి వీడియోలు ఎడిటింగ్ చేస్తాను. ముహూర్తాలున్న నెలల్లో ఒక్కో పెళ్ళికి 60 జీబీ, ఒక్కోసారి 100 జీబీ ఫుటేజీ ఆయన దగ్గర్నుంచి నాకు రావాలి. ఇదివరకు హార్డ్ డిస్కుని తువ్వాలులో చుట్టి, తెలిసినవాళ్ళెవరైనా ఇటు బస్సెక్కుతుంటే వాళ్ళ చేతిలో పెట్టేవాడు. ఇప్పుడు ఆయన కంప్యూటర్లోంచి నా కంప్యూటర్‌లోకి నేరుగా వచ్చేస్తోంది. మధ్యలో ఫైలు దాచుకునే సర్వరేమీ లేదు. దీన్నే పీర్ టు పీర్ అంటారు. టొరెంట్ నడిచేదీ ఇదే పద్ధతిలో. మేం వాడేది సింక్‌థింగ్, ఉచితమే. టొరెంట్లకైతే నాకు క్యూబిట్‌టొరెంట్ అలవాటు. రౌటర్‌లో చేయాల్సిన పని మాత్రం రెంటికీ ఒకటే.

టొరెంట్ అనగానే కొత్త సినిమా కోసం వచ్చినవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. వీడియోల మీద బతికేవాణ్ణి, ఆ పని నేను నేర్పను. 1957 కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కింద 6 నెలల నుంచి 3 ఏళ్ళ దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. ఉబుంటు, డెబియన్, లిబ్రెఆఫీస్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ల వాళ్ళే తమ ఫైళ్ళకి టొరెంట్లు ఇస్తున్నారు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పాత పుస్తకాలకీ ఉంటాయి. వాటితో మొదలుపెట్టండి.

ముందు లెక్క చూసుకోండి

"ఏందన్నా, 100 అని డబ్బులు కట్టించుకున్నారు, 12 దాటట్లా!" అని నాకు ఫోన్లు వస్తుంటాయి. అక్కడ మోసమేమీ లేదు. ప్లానులో చెప్పేది మెగాబిట్లలో, డౌన్‌లోడ్ సాఫ్ట్‌వేర్ చూపించేది మెగాబైట్లలో. 8 బిట్లు ఒక బైటు. 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకి 12.5 ఎంబీ, అంతే. మీకు 11, 12 వస్తోందంటే రౌటర్ జోలికి పోనక్కర్లేదు.

ఇంకో సంగతి, మీకు ఫైలు ఎంత వేగంగా వస్తుందనేది పంపేవాళ్ళ అప్‌లోడ్ మీద ఆధారపడి ఉంటుంది. బావ అప్‌లోడ్ 40 ఎంబీపీఎస్, అంటే సెకనుకి 5 ఎంబీ. 60 జీబీ రావడానికి 3 గంటల 20 నిమిషాలు పడుతుంది. నా వైపు 300 ఎంబీపీఎస్ ప్లాను వేయించుకున్నా ఆ లెక్క మారదు. కాబట్టి స్పీడ్ టెస్ట్ చేసినప్పుడు డౌన్‌లోడ్ ఒక్కటే కాదు, అప్‌లోడ్ అంకె కూడా రాసిపెట్టుకోండి. కింద దానితో పనుంది.

వైఫై వదిలి వైరు పట్టుకోండి

ఫైబర్ డబ్బా (కంపెనీవాళ్ళు పెట్టి వెళ్ళిన రౌటర్) హాల్లో టీవీ పైన, కంప్యూటర్ వెనక గదిలో, మధ్యలో రెండు గోడలు. మన ఇళ్ళలో సగం జబ్బు ఇదే. రౌటర్ నుంచి కంప్యూటర్‌కి ఈథర్‌నెట్ కేబుల్ వేసి చూడండి. క్యాట్ 5ఈ రకం చాలు. వేశాక విండోస్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ఈథర్‌నెట్ పేజీకెళ్ళి లింక్ స్పీడు చూడండి. 1000 ఉంటే మంచిదే. 100 దగ్గరే ఆగితే, కేబుల్ లోపలి 8 తీగల్లో ఏదో తెగిందన్నా అనుకోవాలి, డబ్బాలో ఆ పోర్టు 100దే అన్నా అనుకోవాలి. కొన్ని డబ్బాల్లో ఒక్క పోర్టే గిగాబిట్, మిగతావి 100వి. కేబుల్ పక్క పోర్టులోకి మార్చి చూడండి. వైరు లాగడం కుదరకపోతే కనీసం 5 గిగాహెర్ట్జ్ వైఫైకి మారండి.

అసలు గేటు మీ చేతిలో ఉందా?

ఇది అన్నిటికంటే ముఖ్యం. యూట్యూబ్‌లో చూసి పోర్ట్ ఫార్వర్డింగ్ మొదలుపెట్టేవాళ్ళు చాలామంది దీన్ని దాటేస్తారు. నేనూ దాటేసి ఒక ఆదివారమంతా పోగొట్టుకున్నాను.

ఇంట్లో ఫోన్లు, టీవీ, కంప్యూటర్ అన్నీ ఒకే ఐపీ అడ్రసుతో బయటికి వెళ్తాయి. లోపలివాళ్ళు బయటికి అడిగినదానికి జవాబు వస్తే అది ఎవరిదో రౌటర్‌కి గుర్తుంటుంది. బయటివాళ్ళు తమంతట తాము వచ్చి తలుపు తడితే మాత్రం ఎవరికి ఇవ్వాలో తెలియక తోసేస్తుంది. ఉత్తరం మీద అపార్ట్‌మెంట్ పేరు రాసి ఫ్లాట్ నంబరు మర్చిపోతే వాచ్‌మన్ ఏం చేస్తాడు? అదే. ఇక్కడ పోర్టంటే కేబుల్ గుచ్చే రంధ్రం కాదు, బయటినుంచి వచ్చేవాటి కోసం ఒక్కో సాఫ్ట్‌వేర్ కాచుకునే తలుపు నంబరు. ఆ నంబరుకి వచ్చినవి ఏ కంప్యూటర్‌కి ఇవ్వాలో రౌటర్‌కి ముందే చెప్పడం, అంటే ఆ ఫ్లాట్ నంబరు చెప్పి పెట్టడమే పోర్ట్ ఫార్వర్డింగ్.

అయితే ఐపీ అడ్రసులకి కరువొచ్చింది. పాత పద్ధతి ప్రకారం ప్రపంచం మొత్తానికీ ఉన్నవి దాదాపు 430 కోట్లే. అందుకని చాలా కంపెనీలు ఒకే బయటి అడ్రసుని వందల ఇళ్ళకి పంచుతున్నాయి. దీన్ని సీజీనాట్ అంటారు. అంటే మీ వాచ్‌మన్ పైన కంపెనీ వాళ్ళ వాచ్‌మన్ ఇంకొకడు ఉన్నాడన్నమాట. మీ గేటు ఎంత బార్లా తెరిచినా, వీధి మొదట్లో ఆ గేటు మూసే ఉంటుంది.

ఇది కనుక్కోవడం రెండు నిమిషాల పని. బ్రౌజర్‌లో 192.168.1.1 కొట్టండి. కొన్నిటికి 192.168.0.1 ఉంటుంది. డబ్బా అడుగున స్టిక్కర్ మీద అడ్రసు, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ రాసి ఉంటాయి. లోపల స్టేటస్ పేజీలో వాన్ ఐపీ (WAN IP, రౌటర్‌కి బయటివైపు ఉన్న అడ్రసు) అని కనిపించేదాన్ని కాగితం మీద రాసుకోండి. తర్వాత గూగుల్‌లో 'వాట్ ఈజ్ మై ఐపీ' అని వెతకండి. రెండు అంకెలూ ఒకటే అయితే గేటు మీదే, ముందుకెళ్ళండి.

రెండూ వేరుగా ఉండి, రౌటర్‌లోది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే అది సీజీనాట్. ఆ వరసని 2012లో ప్రత్యేకంగా దీనికోసమే కేటాయించారు. నాది 100.72తో మొదలైంది. వాన్ ఐపీ 10తోనో, 172.16 నుంచి 172.31 దాకా ఉన్నవాటితోనో, 192.168తోనో మొదలైతే రెండు కారణాలుండొచ్చు. ఒకటి, కంపెనీ అలా ఇచ్చి ఉండొచ్చు. రెండోది, ఫైబర్ డబ్బాకి మీరు సొంతంగా ఇంకో రౌటర్ తగిలించి ఉండొచ్చు. రెండోదైతే మందు మీ ఇంట్లోనే ఉంది. ఫైబర్ డబ్బాని బ్రిడ్జ్ మోడ్‌లో, అంటే రౌటర్ పని మానేసి లైను మాత్రం అందించేలా, పెట్టమని మీ ఆపరేటర్ని అడగండి. లేదంటే మీ రౌటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి (వైఫై మాత్రమే ఇచ్చేలా) మార్చి, మిగతా పనంతా ఫైబర్ డబ్బాలోనే చేయండి.

సీజీనాట్ అయితే ఆపరేటర్‌కి ఫోన్ చేసి పబ్లిక్ ఐపీ (ఎవరితోనూ పంచుకోనిది) గానీ స్టాటిక్ ఐపీ (ఎప్పుడూ మారనిది) గానీ ఇస్తారా అని అడగండి. దానికి సాధారణంగా విడిగా డబ్బులు తీసుకుంటారు. మా వీధికొచ్చే కేబుల్ అబ్బాయి "అట్లాంటివి మా దగ్గర లేవు సార్" అన్నాడు. ఒంగోలులో బావ ఆపరేటర్ మాత్రం డబ్బు కట్టించుకుని ఇచ్చాడు. మాకు అదే సరిపోయింది. ఎందుకంటే ఇద్దరిలో ఒక్కరి గేటు తెరిచి ఉంటే చాలు, రెండోవాళ్ళే వెళ్ళి తలుపు తడతారు. ఇద్దరివీ మూసి ఉంటే సింక్‌థింగ్ ఏదో దారి వెతుక్కుంటుంది, దొరక్కపోతే మధ్యలో రిలే అనే ఇంకో కంప్యూటర్ మీదుగా పంపుతుంది. చేరడం చేరుతుంది కానీ ఎద్దుల బండి మీద చేరినట్టుంటుంది. కనెక్షన్ వివరాల్లో రిలే అనే మాట కనిపిస్తే సంగతి ఇదేనని తెలుసుకోండి.

ఐపీవీ6 అనే కొత్త పద్ధతి అడ్రసులు ఇచ్చే కనెక్షన్ అయితే ఈ గొడవే ఉండదు, ప్రతి కంప్యూటర్‌కీ సొంత అడ్రసు వస్తుంది. కాకపోతే రౌటర్‌లోని ఐపీవీ6 ఫైర్‌వాల్ బయటివాళ్ళని ఆపుతుంది, అందులో మీ పోర్టుకి దారి ఇవ్వాలి. అవతలివైపు కూడా ఐపీవీ6 ఉండాలి.

ఇంతా చెప్పి ఒక నిజం కూడా చెప్పాలి. ఉబుంటు లాంటి, వేలమంది పంచుతున్న టొరెంటు దించుకోవడానికే అయితే పోర్టు తెరవకపోయినా నిక్షేపంగా వస్తుంది. ఇద్దరు ముగ్గురి దగ్గరే ఉన్న ఫైలు తెచ్చుకోవడానికీ, మీరు ఇతరులకి పంపడానికీ అయితేనే ఈ తిప్పలు.

పోర్టు తెరవడం

ముందు మీ కంప్యూటర్‌కి లోపలి అడ్రసు మారకుండా కట్టేయాలి. రౌటర్‌లో డీహెచ్‌సీపీ (ఇంట్లో పరికరాలకి అడ్రసులు పంచేది) పేజీకెళ్తే అడ్రస్ రిజర్వేషన్ అనో స్టాటిక్ లీజ్ అనో ఉంటుంది. అందులో మీ కంప్యూటర్ మ్యాక్ అడ్రసు (నెట్‌వర్క్ కార్డుకి ఫ్యాక్టరీలోనే ఇచ్చిన నంబరు) ఎంచి, 192.168.1.50 లాంటిది ఒకటి ఇవ్వండి. ఇది చేయకపోతే ఏదో ఒక రోజు కరెంటు పోయి వచ్చాక మీ కంప్యూటర్‌కి వేరే అడ్రసు వస్తుంది, తెరిచిన పోర్టు ఎవరి ఫోన్‌కో చూపిస్తూ ఉంటుంది.

తర్వాత క్యూబిట్‌టొరెంట్‌లో టూల్స్, ఆప్షన్స్, కనెక్షన్‌కి వెళ్ళి లోపలికి వచ్చే కనెక్షన్ల పోర్టు నంబరు చూడండి. పాతకాలం 6881 నుంచి 6889 వరస వద్దు. వాటిని అడ్డుకునే నెట్‌వర్కులున్నాయి. 49152కీ 65535కీ మధ్య ఏదో ఒకటి పెట్టండి, 51820 వద్దు, అది వైర్‌గార్డ్ అనే వీపీఎన్ వాడుకునేది. ఉదాహరణకి 52341 అనుకుందాం. సింక్‌థింగ్‌ది ఎలాగూ 22000.

ఇప్పుడు రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ పేజీ. కొన్నిటిలో వర్చువల్ సర్వర్ అని ఉంటుంది, నాట్ అనే మెనూ కింద వెతకండి. బయటి పోర్టు 52341, లోపలి పోర్టు 52341, లోపలి అడ్రసు 192.168.1.50, ప్రోటోకాల్ టీసీపీ, యూడీపీ రెండూ. సింక్‌థింగ్‌కైతే 52341 బదులు 22000. సేవ్ నొక్కండి. పక్కనే డీఎంజెడ్ అని ఇంకో ఆప్షన్ ఊరిస్తుంటుంది, దాని జోలికి పోకండి. అది మీ కంప్యూటర్ తలుపులన్నీ ఒకేసారి తీసి వీధిలో పెట్టడమే.

విండోస్ ఫైర్‌వాల్ అడిగినప్పుడు ప్రైవేట్ నెట్‌వర్కుకి అనుమతి ఇవ్వండి. మీ కనెక్షన్ విండోస్‌లో పబ్లిక్ అని నమోదై ఉంటే అనుమతి ఇచ్చినా లాభం లేదు, దాన్ని ప్రైవేట్‌కి మార్చండి.

అయిందో లేదో చూడ్డానికి పోర్ట్ చెకర్ సైట్లున్నాయి. క్యూబిట్‌టొరెంట్ తెరిచి ఉండగానే పరీక్షించాలి సుమా. సాఫ్ట్‌వేర్ మూసేస్తే అవతల వినేవాళ్ళే ఉండరు, పోర్టు మూసి ఉందనే చెబుతుంది. క్యూబిట్‌టొరెంట్ కింది పట్టీలో ఆకుపచ్చ ప్లగ్ గుర్తు కనిపిస్తే దారి పడినట్టే. మంట గుర్తు ఉంటే ఇంకా ఎక్కడో అడ్డముంది.

అప్‌లోడ్‌కి కళ్ళెం

డౌన్‌లోడ్ పెరగాలంటే అప్‌లోడ్‌కి కళ్ళెం వేయాలని చెబితే ఎవరూ నమ్మరు. మీకు వచ్చే ప్రతి కొన్ని ముక్కలకీ మీ కంప్యూటర్ 'అందింది' అని రసీదు పంపాలి. ఆ రసీదు వెళ్ళేది అప్‌లోడ్ దారిలోనే. ఆ దారి నిండా పంపే ఫైళ్ళే నిండిపోతే రసీదులు వరసలో నిలబడతాయి, అవి అందేదాకా అవతలివాడు కొత్త ముక్కలు తగ్గించేస్తాడు. మా అక్క వీడియో కాల్ చేస్తే బొమ్మ బిగుసుకుపోయేది ఇందుకే.

అలాగని సున్నాకి దగ్గరగా పెట్టకూడదు. 2001లో బ్రామ్ కోహెన్ ఈ బిట్‌టొరెంట్ పద్ధతి తయారుచేసినప్పుడే ఇచ్చిపుచ్చుకోవడం అందులో పెట్టాడు. మీరు ఎవరికి ఎక్కువ పంపితే వాళ్ళు మీకు ముందు పంపుతారు. కొలిచిన అప్‌లోడ్‌లో 80 శాతం దగ్గర పెట్టండి.

ఇక్కడే నేను బోర్లా పడ్డాను. బావ కంప్యూటర్‌లో సింక్‌థింగ్ పరిమితి నేనే పెట్టాను, 40 ఎంబీపీఎస్ కదా అని 40 అని కొట్టి ఇంటికొచ్చేశాను. పొద్దున లేచి ఫోన్ చేశా.

"బావా, పెట్టలేదా ఫుటేజీ?"

"రాత్రే పెట్టానబ్బా, నీకింకా చేరలా?"

8 గంటల్లో వచ్చింది 1 జీబీ పైచిలుకు. ఆ గడిలో అడిగేది సెకనుకి కిలోబైట్లు. 40 ఎంబీపీఎస్ అంటే సుమారు 5000, అందులో 80 శాతం 4000. క్యూబిట్‌టొరెంట్‌లో కూడా ఇదే కొలత. 20 ఎంబీపీఎస్ అప్‌లోడ్ ఉన్నవాళ్ళు 2000 పెట్టండి.

మిగిలిన చిల్లర పనులు

చవక డబ్బాలు ఒకేసారి వందల కనెక్షన్లు మోయలేక నెట్ మొత్తం ఆగినట్టు చేస్తాయి. టొరెంట్ వేసినప్పుడే ఇంట్లో అందరికీ నెట్ పోతోందంటే, క్యూబిట్‌టొరెంట్‌లో మొత్తం కనెక్షన్లు 500 నుంచి 200కి తగ్గించి చూడండి. పోర్టు మీరే తెరిచారు కాబట్టి రౌటర్‌లో యూపీఎన్‌పీ ఆపేయొచ్చు. ఇంట్లో ఏ పరికరమైనా మీకు చెప్పకుండా పోర్టులు తెరుచుకునే సౌకర్యం అది. రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ స్టిక్కర్ మీదిదే ఇంకా ఉంటే ఈ రోజే మార్చండి. నెలకి ఎంత డేటా తర్వాత వేగం తగ్గుతుందో కూడా ప్లానులో చూసుకోండి, చాలావాటిలో 3300 జీబీ అని ఉంటుంది.

అన్నీ కుదిరాక రౌటర్ మెనూలో బ్యాకప్ అనే చోట సెట్టింగ్స్‌ని ఫైలుగా దించి పెట్టుకోండి. కార్తీకంలో తుపాను గాలికి స్తంభం మీద తీగ తెగి డబ్బాలో ఎర్ర లైటు వెలిగిందంటే, బాగుచేయడానికి వచ్చిన అబ్బాయి నిచ్చెన దిగగానే మొదట చేసే పని పిన్నుతో రీసెట్ బటన్ నొక్కడం.