అచ్చు ఇసుకలో పిండి బైండర్ కలిపే విధానం
లోహం పోసే అచ్చులను తయారుచేసే ఇసుకకు ప్రధాన బలం బెంటొనైట్ అనే బంకమట్టి నుంచే వస్తుంది గనుక, మొక్కజొన్న పిండిని దానికి తోడుగానే వాడాలి; సాధారణంగా ఇసుక బరువులో 0.5 నుంచి 1 శాతం సరిపోతుంది. పచ్చి పిండి చన్నీటిలో జిగురు పట్టదు కాబట్టి, ముందే ఉడికించి ఆరబెట్టి పొడి చేసిన రకాన్నే ఎంచుకోవాలి.

మల్లర్‌లో, అంటే ఇసుకను నూరి కలిపే యంత్రంలో, ఇసుకను తడిపి, బెంటొనైట్ వేసి బాగా నూరిన తర్వాత, పిండిని ఒకేచోట కుమ్మరించకుండా పలచగా చల్లాలి. లేకుంటే ఉండలు కడుతుంది. పిండి నీటిని పీల్చుకుంటుంది గనుక తేమను మళ్లీ సరిచూడాలి. గుప్పెడు ఇసుకను పిడికిట బిగించి విరిచినప్పుడు అంచులు రాలకుండా, వేలిముద్రలు స్పష్టంగా నిలిస్తే మిశ్రమం కుదిరినట్టే. అంచులు రాలితే, పిండి పెంచే ముందు మరికొంతసేపు నూరి చూడడమే మేలని నా అభిప్రాయం.

లోహపు వేడికి ఇసుక రేణువులు వ్యాకోచించేటప్పుడు పిండి కాలిపోయి వాటికి చోటిస్తుంది. అందువల్ల పోతపై పెచ్చులు తగ్గుతాయి. మోతాదు మించితే మాత్రం వెలువడిన వాయువు లోహంలో చిక్కుకొని బొక్కలు మిగులుస్తుంది.