క్రూయిజర్, స్పోర్ట్స్ బైక్: ఏది ఎంత వేగమో, ఎంత పవరో మీరే పోల్చి చూసుకోవడం ఎలా?

పాలకొల్లు నుంచి రాజోలు వెళ్తూ నేనూ మా మేనల్లుడూ రెండు బళ్ల మీద చించినాడ వంతెన దాటాం. నాది రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియర్ 350, క్రూయిజర్; వాడిది యమహా ఆర్15, స్పోర్ట్స్ బైక్. దిండి దగ్గర కొబ్బరి బొండాలు తాగడానికి ఆగితే వాడు అడిగాడు: "మావయ్యా, వంతెన ఎక్కేటప్పుడు లారీ వెనక నుంచి నువ్వే ముందు బయటపడ్డావు, కిందికి దిగాక నేను నిన్ను సునాయాసంగా దాటేశాను. నీది 350 సీసీ, నాది 155. అసలు వీటిలో పవర్ ఉన్న బండి ఏది?"

బండి కొనబోయే ప్రతివాళ్లూ అడగాల్సిన ప్రశ్నే ఇది. చాలామంది సీసీ చూస్తారు, లేదంటే వీడియోల్లో టాప్ స్పీడ్ ఎంత కొట్టిందో చూస్తారు, అక్కడితో ఆగిపోతారు. ఆ రెండూ చూసి లక్షలు పోయడం నాకు అస్సలు నచ్చదు. షోరూమ్‌లో డబ్బు కట్టే ముందు ఓ కాగితం, ఫోన్‌లో కాలిక్యులేటర్, ఒక పూట సమయం పెట్టుకోండి, చాలు.

అన్నిటికంటే ముందు అంకెల్ని ఒకే కొలతలోకి తెచ్చుకోండి

బ్రోషర్‌లో పవర్ ఒక కంపెనీ బీహెచ్‌పీలో వేస్తుంది, ఇంకోటి పీఎస్‌లో (రెండూ గుర్రపు శక్తి కొలతలే), కొన్ని కిలోవాట్‌లో. 1 కిలోవాట్ అంటే 1.36 పీఎస్. బీహెచ్‌పీని 1.014తో గుణిస్తే పీఎస్ వస్తుంది. మీటియర్‌ది 20.2 బీహెచ్‌పీ, అంటే దాదాపు 20.5 పీఎస్. ఆర్15 నాలుగో వెర్షన్‌ది 18.4 పీఎస్. చూశారా, సీసీ రెండింతలకు పైగా తేడా ఉన్నా పవర్ తేడా రెండు గుర్రాలే.

పవర్ పక్కన "ఇన్ని ఆర్‌పీఎం దగ్గర" అని, అంటే ఇంజన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతున్నప్పుడో చెప్పే ఒక అంకె ఉంటుంది, దాన్ని మాత్రం వదిలేయకండి, అసలు కథంతా అక్కడే ఉంది. మీటియర్ తన 20.5 పీఎస్ ఇచ్చేది 6,100 ఆర్‌పీఎం దగ్గర, ఆర్15 తన 18.4 ఇచ్చేది 10,000 దగ్గర. టార్క్, అంటే ఇంజన్ తిప్పే బలం, కూడా రాసుకోండి: మీటియర్‌కి 4,000 ఆర్‌పీఎం దగ్గర 27 న్యూటన్ మీటర్లు, ఆర్15కి 7,500 దగ్గర 14.2.

ఇప్పుడు ఆ అంకెలతో చిన్న లెక్క

టార్క్‌ని ఆర్‌పీఎంతో గుణించి 7,023తో భాగిస్తే ఆ ఆర్‌పీఎం దగ్గర ఇంజన్ ఇచ్చే పవర్ పీఎస్‌లో వస్తుంది. మీటియర్‌కి వేస్తే 27 ఇంటూ 4,000 బై 7,023, అంటే సుమారు 15.4. ఆర్15కి 14.2 ఇంటూ 7,500 బై 7,023, అంటే 15.2. రెండూ ఇంచుమించు ఒకటే. కానీ ఆ 15 పీఎస్ మీటియర్ 4,000 దగ్గర, ఇంజన్ ఇంకా నింపాదిగా డుగ్‌డుగ్ అంటుండగానే ఇచ్చేస్తుంది, ఆర్15లో అదే 15 కావాలంటే యాక్సిలరేటర్ బాగా తిప్పి 7,500 దాకా తీసుకెళ్లాలి. వంతెన మీద ఏం జరిగిందో ఈ ఒక్క లెక్కతో తేలిపోయింది. లారీ వెనక నేను మూడో గేర్‌లో ఉన్నాను, వాడు ఆరో గేర్‌లో ఉండిపోయాడు. వాడి ఇంజన్ అప్పటికి తన పవర్ ఉన్న చోటికి ఇంకా రాలేదు, అంతే. తగినన్ని గేర్లు దించి ఉంటే నాతో పాటే వచ్చేసేవాడు.

ఎందుకిలా అంటే ఇంజన్ లోపల కొలతలు చూడాలి. మీటియర్ సిలిండర్ వెడల్పు 72 మిల్లీమీటర్లు, అందులో పిస్టన్ పైకీ కిందికీ తిరిగే దూరం (స్ట్రోక్) 85.8. నాలుగు వేళ్లు దగ్గరగా పెట్టి చూడండి, వాటి వెడల్పు కంటే ఇంకాస్త ఎక్కువే. ఆర్15లో రెండూ దాదాపు సమానం, 58కి 58.7. ఒక్కో చుట్టుకి అంత దూరం తిరగాల్సిన పెద్ద పిస్టన్‌ని నిమిషానికి 10,000 చుట్లు తిప్పితే ఇంజన్ తట్టుకోదు, అందుకే పొడవు స్ట్రోక్ ఇంజన్‌ని తక్కువ చుట్లలోనే బలంగా లాగేలా ట్యూన్ చేస్తారు. చిన్న పిస్టన్‌కి ఆ బెడద తక్కువ, చకచకా తిరుగుతుంది. ఆర్15లో 7,400 ఆర్‌పీఎం దగ్గర వాల్వ్ టైమింగ్ (గాలి, పెట్రోలు లోపలికి వదిలే వాల్వులు తెరుచుకునే తీరు) కూడా మారుతుంది, అక్కడ్నించి బండి ఊపు మారడం చేతికి తెలుస్తుంది.

ఒక్క జాగ్రత్త. టార్క్ రెండింతలు ఉంది కదా, అయితే రెండింతలు లాగుతుంది అనుకోకండి. ఇంజన్ టార్క్‌ని చక్రానికి చేర్చేది గేర్లు, వేగంగా తిరిగే ఇంజన్‌కి గేర్లు కూడా ఆ లోటు పూడ్చేలాగే పెడతారు. క్రూయిజర్ అభిమానులు ఈ సంగతి ఎక్కువగా మర్చిపోతుంటారు, నేనూ క్రూయిజరే నడుపుతాను కాబట్టి చనువుగా చెప్తున్నాను.

బరువు, మీ బరువు, వెనకాల కూర్చునేవాళ్ల బరువు

మీటియర్ 191 కేజీలు, ఆర్15 సుమారు 142. నడిపే మనిషి 75 కేజీలు అనుకుందాం. మొత్తం బరువులో ప్రతి 100 కేజీలకీ మీటియర్‌కి 7.7 పీఎస్, ఆర్15కి 8.5 పీఎస్ వస్తాయి. ఒంటరిగా వెళ్తే ఆర్15ది స్పష్టంగా పైచేయి. ఇప్పుడు వెనకాల 65 కేజీల మనిషిని ఎక్కించండి, మీటియర్‌కి 6.2, ఆర్15కి 6.5. తేడా సగానికి పైగా తగ్గిపోయింది, ఎందుకంటే తేలికపాటి బండికి అదనపు బరువు ఎక్కువ భారం. మన కోనసీమలో బండి అంటే ఒక్కడే తిరిగేది కాదు కదా, భార్యో, అమ్మో, ఒక కూరగాయల సంచో ఎప్పుడూ వెంట ఉంటాయి, అందుకే ఒంటరి లెక్కతో పాటు ఇద్దరి లెక్క కూడా తప్పకుండా వేయండి.

పెద్ద బళ్లకీ ఇదే పద్ధతి. సూపర్ మీటియర్ 650ది 47 పీఎస్, 241 కేజీలు. 2022లో వచ్చిన కేటీఎం ఆర్‌సీ 390ది 43.5 పీఎస్, 172 కేజీలు. పవర్ తక్కువున్న కేటీఎంకే 100 కేజీలకి వచ్చే పవర్ ఎక్కువ, మనిషితో కలిపి 17.6, సూపర్ మీటియర్‌కి 14.9.

గాలి సంగతి

వేగం రెట్టింపైతే గాలి నాలుగు రెట్లు బలంగా అడ్డుకుంటుంది, దాన్ని తట్టుకోవడానికి కావాల్సిన పవర్ ఎనిమిది రెట్లు. స్పోర్ట్స్ బైక్‌లో ముందు గాలిని పక్కకి మళ్లించే తొడుగు, ఫేరింగ్, ఉంటుంది, మనిషి ట్యాంక్ మీదికి వంగుతాడు, క్రూయిజర్‌లో ఛాతీ గాలికి తెరచాపలా నిలబడుతుంది. 100 దాటాక క్రూయిజర్ ఆయాసపడటానికి ముఖ్య కారణం ఇదే. అయితే ఒక మాట గుర్తుంచుకోండి. నాలుగు లైన్ల హైవేల మీద బైక్‌లకి కేంద్రం 2018లో పెట్టిన గరిష్ఠ వేగం 80, మిగతా రోడ్ల మీద 60. 16వ నంబరు హైవే మీద రావులపాలెం నుంచి తణుకు వెళ్లినా మనకి అవసరమైనది 80 లోపు బండి ఎలా లాగుతుందనేదే. నా దృష్టిలో టాప్ స్పీడ్ పోలికకి కాగితం మీద ఒక్క లైను చాలు.

అసలు పరీక్ష రోడ్డు మీద

రెండు బళ్లూ మీరే నడపాలి, లేదా రెండిటినీ ఒకే మనిషి నడపాలి. టైర్లలో గాలి సరిగ్గా ఉండాలి, ట్యాంకుల్లో పెట్రోలు ఇంచుమించు సమానంగా ఉండాలి, వెనకాల మనిషి ఉంటే రెండిటికీ అదే మనిషి. హెల్మెట్ ఇద్దరికీ. తెల్లారగానే, ఖాళీగా ఉన్న డివైడర్ రోడ్డు ఎంచుకోండి, కాలువ గట్టు రోడ్లు ఈ పనికి అస్సలు పనికిరావు.

మీటర్ చూపించే వేగం సాధారణంగా నిజం కంటే నాలుగైదు కిలోమీటర్లు ఎక్కువ ఉంటుంది, కాబట్టి ఫోన్‌లో జీపీఎస్ స్పీడ్ యాప్ వాడండి. ఫోన్, స్టాప్‌వాచ్ వెనకాల మనిషి చేతిలో ఉండాలి, నడిపేవాళ్ల కళ్లు రోడ్డు మీదే. టాప్ గేర్‌లో 50 నుంచి 80 చేరడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. తర్వాత అదే 50 దగ్గర గేర్లు దించి, ఆ ఇంజన్‌కి నచ్చిన చోట ఉంచి మళ్లీ చూడండి. ఇక్కడ సముద్రం గాలి ఎటు వీస్తుందో చెప్పలేం, ఎదురుగాలిలో ఒక లెక్క, వెనకగాలిలో ఒక లెక్క వస్తుంది, అందుకని ప్రతి పరీక్షా పోయేటప్పుడొకసారి, వచ్చేటప్పుడొకసారి చేసి సగటు తీయండి.

మొదటి అంకెకీ రెండో అంకెకీ మధ్య తేడా ఎంత ఉందో చూడండి. తేడా ఎక్కువ ఉంటే ఆ బండి మీ ఎడమ కాలితో, క్లచ్‌తో ఎప్పుడూ పని చేయిస్తుంది, తక్కువుంటే ఏ గేర్‌లో ఉన్నా సర్దుకుపోతుంది. గేర్లు మార్చడం కొందరికి ఇష్టం, మా మేనల్లుడికి అదే సంతోషం. రోజూ అమలాపురం మార్కెట్ రద్దీలో ఆగి ఆగి పోయేవాళ్లకి సాయంత్రానికి చెయ్యి నొప్పెడుతుంది.

ఆగడం కూడా వేగంలో భాగమే

ఇది చాలామంది లెక్కలోకే తీసుకోరు, నాకు మాత్రం అన్నిటికంటే ముఖ్యం. 80లో పోతుంటే బండి సెకనుకి 22 మీటర్లు ముందుకి పోతుంది, బ్రేక్ మీద కాలు పడేలోపే ఆ 22 అయిపోతాయి. 40లో ఆగడానికి పట్టే బ్రేకింగ్ దూరం 80లో నాలుగింతలు. దాళ్వా కోతలప్పుడు రోడ్డు సగం దాకా ధాన్యం ఆరబోసి అంచున వరసగా రాళ్లు పేరుస్తారు, సాయంత్రం వెలుగులో ఆ రాళ్లు రోడ్డు రంగులోనే కలిసిపోతాయి. భీమవరం వైపు చేపల లారీల నుంచి కారిన నీళ్లు మలుపుల్లో జారుడుగా ఉంటాయి. 125 సీసీ దాటిన కొత్త బళ్లన్నిటికీ 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) తప్పనిసరి. సెకండ్ హ్యాండ్ కొంటుంటే తయారైన ఏడాది చూసి, ఏబీఎస్ ఉందో లేదో ఖాయం చేసుకోండి. టెస్ట్ రైడ్‌లో 40 దగ్గర గట్టిగా బ్రేక్ కొట్టి బండి తిన్నగా ఆగుతోందో లేదో చూడండి, ముందు వెనక ఎవరూ లేనప్పుడే.

నింపాదిగా నడిచేటప్పుడు కూడా ఒకసారి చూడండి. నరసాపురం రేవులో పంటు (బళ్లని గోదావరి దాటించే పెద్ద పడవ) ఎక్కించేటప్పుడు ఇరుకు చెక్కల మీద బండిని నెమ్మదిగా నడిపించాలి. మీటియర్ సీటు ఎత్తు 765 మిల్లీమీటర్లు, ఆర్15ది 815. ఆ అయిదు సెంటీమీటర్లకే పొట్టివాళ్ల రెండు పాదాలూ నేల తాకడం, మునివేళ్ల మీద నిలబడటం తేల్చేస్తాయి. కానీ బండి ఒరిగితే 191 కేజీలు పట్టుకోవాలి, 142 అయితే నిలబెట్టేయొచ్చు.

ఇవన్నీ కాగితం మీద రెండు వరసల్లో రాసుకుని, మీరు వారంలో ఎక్కువ రోజులు వెళ్లే దారి ఏదో పైన రాయండి. టెస్ట్ రైడ్‌కి వెళ్లేటప్పుడు ఆ దారిలో మీ వెనకాల కూర్చునే మనిషినే వెంట తీసుకెళ్లి, పది నిమిషాలైనా కూర్చోబెట్టి, కాళ్లు ఎక్కడ పెట్టుకున్నారో, నడుం ఎలా ఉందో అడగండి.