క్యాంపర్ వ్యాన్‌లో వచ్చిపోయే కరెంటు: తప్పంతా ఎర్త్ దగ్గరే

మా క్యాంపర్ వ్యాన్‌లో ఫ్రిజ్ ఉన్నట్టుండి ఆగిపోయేది. లైట్లు మిణుకుమిణుకుమనేవి, నీళ్ల పంపు ఆగి ఆగి తిరిగేది. ఎలక్ట్రీషియన్ దగ్గరికి తీసుకెళ్తే మాత్రం అన్నీ బుద్ధిగా పనిచేసేవి! అరకు ఘాట్ రోడ్డులో గతుకులు తగిలితేనే రోగం బయటపడేది. రాత్రిపూట అయితే ఇంక టెన్షనే.

బ్యాటరీ మార్చేయమని చాలామంది సలహా ఇచ్చారు. మల్టీమీటర్‌లో 12.6 వోల్టులు చూపిస్తున్నదాన్ని ఎందుకు మార్చాలి? కాకపోతే అది లోడ్ లేనప్పటి లెక్క. అందుకే ఫ్రిజ్, పంపు, లైట్లు అన్నీ ఆన్ చేసి, మీటర్ వైరు ఒకటి బ్యాటరీ నెగెటివ్ మీద, రెండోది వ్యాన్ బాడీలో పెయింటు లేని చోట పెట్టాను. అక్కడ దాదాపు సున్నా రావాలి. 0.2 వోల్టులు దాటిందంటే అనుమానించాల్సిందే. నాకు 0.9 చూపించింది. బ్యాటరీ నెగెటివ్‌ని వ్యాన్ బాడీకి కలిపే ఎర్త్ కేబుల్‌ని చేత్తో కదిపితే అంకెలు గంతులేశాయి. దొంగ దొరికాడు.

ముందు బ్యాటరీ నెగెటివ్ తీసేసి, ఆ తర్వాతే ఎర్త్ బోల్టు విప్పాను. లగ్ (కేబుల్ చివర బోల్టుకి తగిలించే లోహపు కొన) కింద పెయింటు చెక్కుచెదరలేదు! ఇన్నాళ్లూ కరెంటు బోల్టు మరల గుండానే వెళ్తోందన్నమాట. ఆ మరలకీ తుప్పే. ఎమరీ పేపర్‌తో రేకు తెల్లగా మెరిసేదాకా రుద్ది, కేబుల్‌కి కొత్త లగ్ క్రింప్ చేసి (నొక్కి బిగించి), పళ్ల వాషర్ వేసి గట్టిగా బిగించాను. తడి తగలకుండా పైన పెట్రోలియం జెల్లీ పూశాను.

అదే లోడ్‌కి ఇప్పుడు 0.04 వోల్టులు. పనిలో పనిగా, వేడికి రంగు మారిన ఫ్యూజు హోల్డర్ ఒకటి కనిపిస్తే అదీ మార్చేశాను.