పి అక్షరంతో మొదలయ్యే ఇంగ్లీషు మాటలు గుర్తుండేలా ఎలా నేర్చుకోవాలి?

డిక్షనరీ తీసి మొదటి పేజీ నుంచి బట్టీ పట్టకండి, నాలుగు రోజులకే విసుగొస్తుంది. ఒకే ఒక్క అక్షరం పట్టుకోండి, అదీ మీ ఇంట్లో ఉన్న కాగితాల్లోంచి. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బజారులో తెలుగూ ఒడియా రెండూ, ఫారం చేతికొస్తే ఒడియా లేదా ఇంగ్లీషు. మా ఊరి పేరూ, పక్కనే ఆంధ్రలో ఉన్న పాతపట్నం పేరూ ఇంగ్లీషులో పి తోనే మొదలవుతాయి కాబట్టి నేనైతే పి తోనే మొదలుపెట్టమంటాను.

ముందుగా బ్యాంకు పాస్‌బుక్, రైలు టికెట్, ఆసుపత్రి చీటీ, పాన్ కార్డు, పాత ఉత్తరాలు చాప మీద పరిచి, పి తో మొదలయ్యే మాట కనిపించిన చోటల్లా పెన్సిల్‌తో గీత గీయండి. నోట్‌బుక్‌లో మాట పక్కనే అది ఏ కాగితంలో దొరికిందో కూడా రాయండి, ఎందుకంటే చోటును బట్టి అర్థం మారిపోతుంది. పిన్ అనే మాటే చూడండి. ఉత్తరం మీద రాసేది పోస్టల్ ఇండెక్స్ నంబర్, ఆరు అంకెలు, 1972 ఆగస్టు 15న మొదలుపెట్టారు. మా ఊరిది 761తో మొదలవుతుంది, పాతపట్నానిది 532తో. మొదటి అంకె తపాలా జోన్‌ది కాబట్టి సరిహద్దు దాటగానే 7 పోయి 5 వస్తుంది. ఏటీఎం అడిగే పిన్ పర్సనల్ ఐడెంటిఫికేషన్ నంబర్. మొదటిది ఎవరికైనా చెప్పొచ్చు, రెండోది ఎవరడిగినా చెప్పకూడదు. ఇంట్లో అమ్మకీ నాన్నకీ ఈ తేడా తప్పకుండా చెప్పండి. అన్నట్టు, మీ పాన్ నంబర్‌లో నాలుగో అక్షరం చూడండి, అదీ పి యే. మనిషి పేరు మీద ఉన్న కార్డులకు అలా ఉంటుంది, కంపెనీదైతే సి.

తర్వాత, తికమకపెట్టే మాటల్ని జంటలుగా రాసుకోండి. ఇక్కడ తొందరపడొద్దు. ప్రెజెంట్ అడ్రస్ అంటే ఇప్పుడు ఉంటున్న చోటు, పర్మనెంట్ అడ్రస్ అంటే సొంతూరి చిరునామా. ప్రెజెంట్ అంటే బడిలో హాజరు పలకడం అనే నాకు తెలుసు, అందుకని వైజాగ్ హాస్టల్లో ఉన్నప్పుడు ఒక ఫారంలో పర్మనెంట్ దగ్గర హాస్టల్ అడ్రస్ రాసేశాను. కార్డు వచ్చేసరికి నేను హాస్టల్ ఖాళీ చేసేశాను, అది వెనక్కి వెళ్లిపోయింది, మళ్లీ అప్లై చేసి వచ్చేదాకా ఒకటే టెన్షన్. అలాగే పేయర్ డబ్బు కట్టేవాడు, పేయీ డబ్బు అందుకునేవాడు. చెక్కు మీద పేయీ దగ్గర మన పేరు రాసుకుంటే డబ్బు మనకే వస్తుంది, ఇవ్వాల్సినవాళ్లకి కాదు. లోన్ కాగితంలో ప్రిన్సిపల్ అంటే అసలు, కాలేజీలో అయితే పెద్దసారు. ప్రిన్సిపుల్ అంటే నియమం. ఈ రెండూ ఇంగ్లీషువాళ్ల నోట ఒకేలా వినిపిస్తాయి, తేడా స్పెల్లింగ్‌లోనే.

ఒక్క ముక్క నేర్చుకుంటే పది మాటలు తెలిసే దారి కూడా ఉంది. ప్రీ అంటే ముందు, పోస్ట్ అంటే తర్వాత: ప్రీపెయిడ్‌కు ముందే కడతాం, పోస్ట్‌పెయిడ్‌కు వాడాక కడతాం, పోస్ట్‌పోన్ అంటే తర్వాతికి జరపడం. పోస్టాఫీసులో పోస్ట్ మాత్రం ఇది కాదు.

ఇక పలకడం. పి పక్కన హెచ్ వస్తే సాధారణంగా ఫోన్, ఫార్మసీలోలాగా ఫ అవుతుంది. న్యుమోనియా, సైకాలజీలో పి రాస్తారు గానీ పలకరు, అందుకే డిక్షనరీలో వాటిని ఎన్ లోనో ఎస్ లోనో వెతికితే దొరకవు.

అర్థం తెలియని మాట ఉంటే దాన్ని రోజూ వాడేవాళ్లనే అడగండి: ప్రిస్క్రిప్షన్‌లో మాట మందుల షాపులో, ప్రీమియం సంగతి పాలసీ ఇచ్చినవాళ్ల దగ్గర. మా ఊళ్లో మాస్టారుగా పనిచేసిన గిడుగు రామమూర్తి పంతులుగారు సవర అనే గిరిజన భాష నేర్చుకున్నది సవరల నోటి నుంచే, ఆయన సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయింది. అడిగి తెలుసుకున్న మాటతో ఆ రాత్రే మీ ఇంటి విషయం ఒక వాక్యం రాయండి. వారం తర్వాత ఒక ఖాళీ డిపాజిట్ స్లిప్ తెచ్చుకుని, నోట్‌బుక్ చూడకుండా నింపి చూడండి. ఎక్కడ పెన్ను ఆగితే ఆ మాట దగ్గర మళ్లీ గీత గీయండి.