సర్వర్ మార్చే ముందు: హెచ్‌డీఎఫ్5 బయటి ఫైళ్లు ఎక్కడ పడుతున్నాయో చూసుకోండి

హెచ్‌డీఎఫ్5 అంటే పెద్ద డేటాను దాచే ఫైల్ ఫార్మాట్. బయటి ఫైల్ అంటే అందులోని అంకెలు విడిగా ఉండే మరో ఫైల్. మొన్న తెలిసినవాళ్ల టీమ్‌లో జరిగింది ఇది. జూన్ దాకా సెన్సర్ డేటా స్క్రిప్టును ప్రాజెక్ట్ ఫోల్డర్లోంచి చేత్తో నడిపారు. జూలైలో క్రాన్‌కి (వేళకి ప్రోగ్రామ్‌లను తనంతట తానే నడిపే సర్వీసు) అప్పజెప్పారు. ఎర్రర్ ఒక్కటీ రాలేదు. గ్రాఫ్ తీస్తే జూలై అంతా సున్నాలే. సెన్సర్ పోయిందనుకుని కొత్తది ఆర్డర్ కూడా పెట్టారు. డేటా మాత్రం క్రాన్ యూజర్ హోమ్ డైరెక్టరీలో, అదే పేరున్న ఇంకో ఫైల్లో నిక్షేపంగా ఉంది.

బ్యాకప్, డిస్క్‌లో చోటు లాంటివి మీకు చెప్పక్కర్లేదు. చెప్పాల్సింది ఒకటే.

అసలు తప్పు

డేటాసెట్‌ని (అంకెల పట్టికని) బయటి ఫైల్లో పెట్టి, ఆ ఫైల్‌కి దారి (పాత్) లేకుండా ఉత్త పేరు ఇస్తే, హెచ్‌డీఎఫ్5 లైబ్రరీ దాన్ని హెచ్‌డీఎఫ్5 ఫైల్ పక్కన వెతకదు. ప్రోగ్రామ్ ఆ క్షణాన ఏ డైరెక్టరీలోంచి నడుస్తోందో అక్కడ వెతుకుతుంది. రాసేటప్పుడు ఫైల్ లేకపోతే అడక్కుండా కొత్తది పుట్టిస్తుంది. చదివేటప్పుడు ఫైల్ అసలు లేకపోతే ఎర్రర్ ఇస్తుంది, అది మన అదృష్టం. ఫైల్ ఉండి పొట్టిగా ఉంటే మాత్రం మిగతాది సున్నాలతో నింపి చేతిలో పెడుతుంది. ఎక్స్‌టర్నల్ లింకులు (ఒక హెచ్‌డీఎఫ్5 ఫైల్లోంచి ఇంకోదాన్ని చూపించేవి) వాడి అలవాటైనవాళ్లు ఇందులో తేలిగ్గా పడతారు. లింకులకైతే ఆ లింకు ఉన్న హెచ్‌డీఎఫ్5 ఫైల్ ఫోల్డర్లోనూ వెతుకుతుంది మరి.

దారి పెట్టడం

ఫైల్ ప్రిఫిక్స్ ఇవ్వండి, అంటే బయటి ఫైల్ పేరుకి ముందు చేర్చే దారి. డాలర్ గుర్తు, దాని వెంట మీసాల బ్రాకెట్లలో ఆరిజిన్ అని పెడితే, హెచ్‌డీఎఫ్5 ఫైల్ ఉన్న ఫోల్డరే ఆధారం అవుతుంది. రెండు ఫైళ్లూ కలిపి ఎక్కడికి తరలించినా పనిచేస్తుంది. ఈ ప్రిఫిక్స్ ఫైల్లో నిలవ ఉండదు. రాసేటప్పుడు ఇచ్చి చదివేటప్పుడు మరిస్తే మళ్లీ మొదటికే: ఏ డైరెక్టరీలోంచి నడిపితే అక్కడే వెతుకుతుంది.

ఇక మిగతావి:

- ఎక్స్‌ట్‌ఫైల్ ప్రిఫిక్స్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ (ప్రోగ్రామ్ బయట, సిస్టమ్‌లో పెట్టే సెట్టింగ్) ఉంటే కోడ్‌లో ఇచ్చినదాన్ని అది తొక్కేస్తుంది. సర్వర్లో ఎవరైనా పెట్టి వదిలేశారేమో చూడండి.
- పైథాన్‌లో ఆ వేరియబుల్‌ని పెట్టేదుంటే హెచ్5పై (పైథాన్‌లో హెచ్‌డీఎఫ్5 వాడే లైబ్రరీ) ఇంపోర్ట్ కంటే ముందే పెట్టండి.
- పూర్తి దారి రాస్తే ప్రిఫిక్స్ పట్టించుకోదు. డిస్క్ మారిన రోజు తెలుస్తుంది.
- వర్చువల్ డేటాసెట్లకీ (వేరే ఫైళ్ల డేటాని ఒకటిగా చూపించేవి) లింకులకీ ప్రిఫిక్సులు వేరు. కలపొద్దు.
- హెచ్5డంప్‌కి (హెచ్‌డీఎఫ్5 ఫైల్లో ఏముందో చూపించే కమాండ్) పీ ఆప్షన్ ఇచ్చి, బయటి ఫైళ్ల పేర్లు కళ్లారా చూడండి.
- హెచ్‌డీఎఫ్5 ఫైల్ ఒక్కటే పంపొద్దు. అందులో డేటా లేదు.
- క్రాన్‌లో ముందు సీడీ (డైరెక్టరీ మార్చే కమాండ్), తర్వాతే స్క్రిప్టు. ప్రిఫిక్స్ పెట్టినా సరే.
- వేరే డైరెక్టరీలోకి వెళ్లి అక్కణ్నుంచి చదివి చూడండి. ఏ డైరెక్టరీలోంచి నడిపితే అక్కడే వెతుకుతుందని మళ్లీ చెబుతున్నాను.
- సున్నాలొస్తే ఆగండి. స్క్రిప్టు మళ్లీ నడపొద్దు. ఫైండ్ (ఫైళ్లు వెతికే కమాండ్)తో అదే పేరున్న రెండో ఫైల్ పట్టుకోండి.
- దొరికిందని దాన్ని పాతదాని మీద కాపీ కొట్టొద్దు. జూలై ఫైల్లో జనవరి నుంచి జూన్ దాకా ఉన్నవి సున్నాలే. కావాల్సిన ముక్క మాత్రం చదివి సరైన ఫైల్లో రాయండి.